బండికి వడదెబ్బ

మే నెలలో పెట్రోలు బంకు వరసలో నిలబడ్డప్పుడల్లా ఒక చప్పుడు నా చెవిని పట్టుకుంటుంది. ముందున్నాయన తాళం తిప్పి ట్యాంకు మూత ఎత్తగానే సన్నగా ‘స్స్’ మంటుంది. అంతే. బంకు కుర్రాడు “జీరో చూస్కోండి సార్” అంటూ గన్ను లోపలికి దూర్చేస్తాడు, వెనకాయన హారన్ నొక్కుతాడు, మీటరులో అంకెలు పరిగెడతాయి. ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. నేను మాత్రం తెరిచిన ట్యాంకు నోటి మీద వణుకుతున్న ఆవిరిని, పెయింటు మీద పడి కదులుతున్న దాని నీడని చూస్తూ ఒకటే ఆలోచిస్తుంటాను: ఇందాకటి గాలి బయటికి వచ్చిందా, లోపలికి పోయిందా? వినడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే, “పెట్రోలు రేటు గురించి బాధపడేవాళ్లని చూశాను గానీ, మూత చప్పుడు గురించి బాధపడేవాళ్లని మిమ్మల్నే చూశాను” అంది మా ఆవిడ. నిజమే. కానీ ఒకసారి చెవిన పడ్డాక వదిలించుకునేదెలా?

ఈ పిచ్చి నాకు మా మేనమామ దగ్గర అంటుకుంది. ఆయన గురజాలలో ఒక ఎరువుల కొట్టుకి బాకీలు వసూలు చేసేవాడు. మిరప కోతలై, టిక్కీలు గుంటూరు యార్డుకి చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి ఎండలు ముదిరిపోతాయి. అంటే అందరూ నీడపట్టున చేరే రోజులే ఆయనకి సీజను. వేసవి సెలవులకి వెళ్లిన నన్ను వెనక ఎక్కించుకునేవాడు. లెక్కల పుస్తకం పట్టుకోవడానికని చెప్పేవాడు గానీ, దారిలో బండి ఆగితే కబుర్లకి ఒక మనిషి ఉండాలనేమో అని ఇప్పుడనిపిస్తుంది. గురజాల నుంచి రెంటచింతల మీదుగా మాచర్లకి పోయే రోడ్డు అది. ఎండాకాలం పేపరు తిప్పితే రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కాగిన ఊళ్లలో తరచూ కనబడే రెంటచింతలే. సున్నపురాయి నేల, నాపరాళ్ల గోడలు, పైనుంచి ఎంత వేడో కిందినుంచీ అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి నాకు తెలీదు గానీ, బళ్లు ఆగిపోవడం మాత్రం చూశాను.

ఆగడం కూడా ఒక్కసారిగా కాదు. ముందు పికప్పు తగ్గేది. తర్వాత రెండు మూడు దగ్గులు. ఆపైన యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పట్టించుకోకుండా నీరసించి రోడ్డు వారకి చేరేది. మావయ్య వెంటనే కిక్కు కొట్టేవాడు కాదు. ముందు ట్యాంకు మూత తీసేవాడు. తర్వాత తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, సీసాలో నీళ్లతో తడిపి, కార్బొరేటర్ చుట్టూ పైపుని కూడా కలుపుకుని కప్పేవాడు, కాలుతున్న సిలిండర్ మీద మాత్రం చుక్క పడనిచ్చేవాడు కాదు. ట్యాంకు కింది ట్యాపు నుంచి కార్బొరేటర్‌కి దిగే నల్ల రబ్బరు పైపు తీయించేసి, లోపల ఏం జరుగుతోందో కనబడాలని తెల్లటి ప్లాస్టిక్ పైపు వేయించుకున్నాడాయన. వంగి నన్నూ చూడమనేవాడు. నారింజ రంగు పెట్రోలు మధ్యలో చిటికెన వేలి గోరంత ఖాళీ. గోటితో పైపు మీద కొడితే ఆ బుడగ కొంచెం పైకి పాకి, మళ్లీ ఉన్నచోటికే జారేది.

“తోద్దామా మావయ్యా?” అనేవాణ్ణి.

“తోస్తే నీకు చెమట పడుతుంది గానీ దీనికి పెట్రోలు పడదురా అల్లుడూ. రా, కూచో.”

ఏ వేపచెట్టు కిందో కూచునేవాళ్లం. కాసేపటికి ఆయన లేచి, తువ్వాలు తీసి చూసేవాడు. అది అప్పటికే ఎండిపోయి గట్టిగా ఉండేది. కిక్కు కొడితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. “ఎండకి ఆయాసం వచ్చింది, అంతే” అనేవాడు. ఆ వయసులో నాకు అంతకంటే వివరణ అక్కర్లేకపోయింది.

పెట్రోలు ఒకే ద్రవం కాదని, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. నీళ్లలాగా ఫలానా డిగ్రీల దగ్గర మరుగుతుందని దానికి లెక్క లేదు. అందులోని తేలిక పదార్థాలు 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కట్టడం మొదలుపెడతాయి, బరువైనవి 200 దాకా ఓపిక పడతాయి. ఆ తేలిక భాగం లేకపోతే చలికాలం పొద్దున్నే బండి అందుకోదు. జనవరిలో మనకి మేలు చేసిందే మేలో అడ్డం తిరుగుతుందన్నమాట. నీడలోనే 45 డిగ్రీలు కాసే మధ్యాహ్నం, నడినెత్తిన సూర్యుడు, మోకాళ్ల మధ్య మండుతున్న ఇంజను. పాత బళ్లలో పెట్రోలుని నెట్టే పంపేమీ ఉండదు. ట్యాంకు పైనుంది, కార్బొరేటర్ కిందుంది, తన బరువుకి తనే జారాలి. సన్నటి పైపులో ఆవిరి అడ్డం పడితే ఆ కాస్త బరువు దాన్ని నెట్టలేదు. మెకానిక్కులు ‘గాలి పట్టింది’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ట్యాంకు నిండా పెట్రోలు పెట్టుకుని బండి ఎండిపోయి నిలబడుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నన్ను తికమక పెట్టింది ఇంకో సంగతి. పోతూ పోతూ ఆగడం కంటే, మనం ఆపిన బండి మళ్లీ కదలకపోవడమే ఎక్కువ. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆపుతాం, వచ్చి కిక్కు కొడితే పలకదు. విశ్రాంతి ఇచ్చాం కదా, ఇంకా చల్లబడాలి కదా? పడదు. బండి నడుస్తున్నంతసేపూ ఎదురుగాలి తగులుతుంది, ట్యాంకులోంచి కాస్త చల్లటి పెట్రోలు దిగుతూనే ఉంటుంది. ఆపిన క్షణాన ఆ రెండూ ఆగిపోతాయి. నూరు డిగ్రీలు ఎప్పుడో దాటేసిన ఇంజను తన వేడిని పక్కనున్న కార్బొరేటర్‌లోకి తోలుతుంది. ఆపాక కాసేపటిదాకా కార్బొరేటర్ వేడెక్కుతూనే ఉంటుంది. దాని గిన్నెలో ఉన్న కాస్త పెట్రోలు ఉడికి, పొంగి, లోపలికి కారిపోతుంది. ఇప్పుడు జబ్బు పెట్రోలు చాలకపోవడం కాదు, మితిమీరడం. బయటికి మాత్రం రెంటికీ లక్షణం ఒకటే: కిక్కు కొడతాం, బండి పలకదు.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో అచ్చయిన తన మోటార్ సైకిల్ ప్రయాణాల పుస్తకం మొదట్లోనే ఇలాంటి ఘట్టం ఒకటి చెబుతాడు. అమెరికాలోని మినెసోటాలో సావేజ్ అనే ఊరు, నిప్పులు చెరిగే ఎండ. బారులోంచి బయటికొచ్చిన ఆయన స్నేహితుడు కిక్కు మీద కిక్కు కొడుతుంటాడు, చుట్టూ పెట్రోలు వాసన. చూస్తే చోక్ లాగి ఉంటుంది. కాగిపోయిన ఇంజనుకి చోక్ ఎవరైనా వేస్తారా? బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో అలాగే ఉంది అంటాడాయన. చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత మా వీధిలోనే ఎంతమంది అలా చేయడం చూశానో. పొద్దున స్టార్టు కానప్పుడు చోక్ లాగితే అయింది, కాబట్టి మధ్యాహ్నమూ లాగుతారు. నిజానికి అప్పుడు చేయాల్సింది సరిగ్గా దానికి ఎదురు: చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, లోపలికి గాలి పోనిచ్చి కొట్టాలి.

మూడో జబ్బు ఇంకా చిన్నది, అందుకే ఎవరి కంటా పడదు. ట్యాంకు మూతలో గుండుసూది మొన పట్టేంత రంధ్రం ఒకటుంటుంది. పెట్రోలు దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరడానికి. మన వంటింట్లో నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె గుక్కలు గుక్కలుగా వచ్చి ఆగిపోతుంది, ఎదురుగా ఇంకో చిల్లు పెట్టాకే ధారగా పడుతుంది. ట్యాంకుదీ అదే కథ. దుమ్ము, తుప్పు, సర్వీసింగులో కొట్టిన మైనం పూడుకుని ఆ రంధ్రం మూసుకుపోతే బండి కొన్ని మైళ్లు బాగానే పోతుంది, లోపల గాలి పలచబడుతుంది, పెట్రోలు దిగడం మానేస్తుంది. ఎండల్లో పల్నాడు రోడ్ల దుమ్ముకి ఇది జరగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. మూత తీస్తే ‘స్స్’మని గాలి లోపలికి పోతుంది, బండి కదులుతుంది. అదే బండిని రంధ్రం పూడిన మూతతో గంటసేపు ఎండలో నిలబెడితే లోపల ఆవిరి పెరుగుతుంది, మూత తీస్తే అదే ‘స్స్’తో గాలి బయటికొస్తుంది. తెలుసుకోవాలంటే మూత తీసేటప్పుడు అంచు దగ్గర చిన్న కాగితం ముక్క పట్టుకుంటే చాలు.

ఇక్కడే నాకు మా మావయ్య మీద అనుమానం మొదలైంది. ఆయన మూత తీసేవాడు, తడిగుడ్డ కప్పేవాడు, నీడన కూచునేవాడు. అంటే మూడు జబ్బులకీ మందు ఒకేసారి వేసేవాడు. బుడగ ఉంటే తువ్వాలు చల్లబరిచేది. గిన్నెలో పొంగి ఉంటే కూచున్న కాసేపట్లో ఆరిపోయేది. రంధ్రం పూడి ఉంటే తెరిచిన మూత ఆ సంగతి చూసుకునేది. ఏది పనిచేసిందో ఆయనకి తెలీదు, ఇప్పుడు కూచుని ఎంత తవ్వినా నాకూ తెలీదు. పైపులో బుడగ కళ్లారా చూశాను కాబట్టి ఎండే అనుకోవాలి. కానీ ఆ బుడగ పాపమంతా ఎండదేనా? మూత బిగుసుకుని లోపల గాలి పలచబడితే పెట్రోలు మరింత తొందరగా ఆవిరవుతుంది. రెండూ కలిసి వచ్చి ఉండొచ్చు. వేపచెట్టు మాత్రం ఏళ్ల తరబడి మొత్తం పేరు కొట్టేసింది. కాసేపు ఆగితే తగ్గిపోయే జబ్బు అసలు ఏమిటన్నది ఎప్పటికీ బయటపడదు. ఆగే తీరిక ఉన్నంతకాలం తెలుసుకోవాల్సిన అవసరమూ రాదు. ఆ మాటకొస్తే ఆయన సుఖంగానే ఉన్నాడు. జబ్బు పేరు తెలిసిన నేను ఏం బాగుపడ్డాను?

తెలియకపోయినా చెప్పేవాళ్లకి మాత్రం ఎండాకాలం కొదవ లేదు. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఫోన్లో ఒక హెచ్చరిక తిరుగుతుంది: ట్యాంకు ఫుల్ చేయిస్తే పేలిపోతుంది, సగమే పోయించండి అని. తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితి వరకూ చలికాలమైనా ఎండాకాలమైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ ప్రకటన ఇచ్చింది. అయినా అది తిరుగుతూనే ఉంది. అందులో గోరంత నిజం లేకపోలేదు. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. పది లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 190 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ గ్లాసులంత, పెరుగుతుంది. భూమిలోని ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన పెట్రోలుని మూత అంచు దాకా పోయించుకుని బండిని ఎండలో నిలబెడితే అది ఎటు పోతుంది? కారుతుంది. పేలదు. మెడ కింద ఉన్న గుర్తు దగ్గర ఆపమని చెబితే సరిపోతుంది. పొద్దున్నే పోయించుకుంటే ఎక్కువ పెట్రోలు వస్తుందనే ఇంకో నమ్మకం కూడా ఉంది. పాతాళంలోని ట్యాంకులో పొద్దునకీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు. పొద్దున్నే వెళ్లడం వల్ల లాభం మనకే, మాడు మాడకుండా ఉంటుంది.

హైదరాబాదులో మా వీధి చివరి మెకానిక్ షెడ్డులో ఒక మేకుకి పాత పెట్రోలు పైపులు వేలాడుతుంటాయి. పారేయడు. వచ్చినవాళ్లకి చూపించి భయపెట్టడానికని నా ఉద్దేశం. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఒక చివర ఉబ్బి మెత్తగా ఉంది, ఇంకో చివర కట్టెలా బిగుసుకుపోయి సన్నటి పగుళ్లు. “వంచి చూడు సార్, ఇరుగుతది. ఇది ఎండకా, కొత్త పెట్రోలుకా అంటే నేనేం చెప్పాలె? రెండిటికీ” అన్నాడు. ఆయన కొత్త పెట్రోలు అంటున్నది ఇథనాల్ కలిసినదాన్ని. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలై, 2022కి 10 శాతమై, 2025కల్లా 20కి చేరింది. పాత బళ్లలోని రబ్బరు దానికి తగ్గట్టు చేసింది కాదు. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగుకి చేరుతుంది. ఒక వింత ఏమిటంటే, ఇథనాల్ విడిగా అయితే 78 డిగ్రీల దాకా మరగదు. పెట్రోలులో కొద్దిగా కలిపితే మాత్రం మొత్తం మిశ్రమానికే ఆవిరయ్యే గుణం పెరుగుతుంది. పది శాతం దగ్గర ఆ గుణం ఎక్కువగా ఉండి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. ఇంత చదివి మెకానిక్‌కి చెప్పబోతే, “అయితే పైపు మార్చాల్నా వద్దా సార్?” అన్నాడు. మార్చమన్నాను.

ఇవన్నీ పాత బళ్ల బాధలు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లకి దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. చాలా బళ్లలో గాలి పీడనానికి మూడింతల ఒత్తిడితో పెట్రోలుని తోస్తుంది. అంత ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తేలిగ్గా మరగదు, బుడగకి చోటే లేదు. ఆవిరిని గాలిలోకి వదలకుండా బొగ్గు డబ్బా ఒకటి పట్టి దాచి, మళ్లీ ఇంజనుకే అందిస్తుంది. కాబట్టి ఈ రోజుల్లో బంకులో వినబడే ‘స్స్’ చాలావరకు రోగం కాదు, అమరిక. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, పంపుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే, కాబట్టి ఎప్పుడూ అడుగంటించి నడిపితే ఎండల్లో అది వేడెక్కి తొందరగా పాడవుతుంది. ఇంతకుమించి రోహిణి కార్తె కొత్త బండిని ఏమీ చేయలేదు.

నేను ఆలోచనలో పడేది ఇక్కడే. మా మావయ్యకి మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నీడన కూచునే హక్కు ఎవరిచ్చారు? కొట్టు యజమాని ఇవ్వలేదు. సాయంత్రం వసూళ్లు తక్కువైతే ఆయన ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆ హక్కు ఇచ్చింది పైపులోని బుడగ. ‘బండి ఆగిపోయిందండీ’ అంటే ఎదురు మాట లేదు. ‘నాకు కళ్లు తిరిగాయండీ’ అంటే అంత తేలిగ్గా చెల్లేది కాదేమో. బండికి, మనిషికి ఎండ తట్టుకోవడంలో దాదాపు ఒకే హద్దు ఉండేది, బండి ముందు చేతులెత్తేసి మనిషిని కాచేది. అలాగని పాత రోజులే బాగున్నాయని అనను. అదే రోడ్డు మీద అదే ఎండలో పురిటి మనిషిని ఎక్కించుకున్న బండి ఆగితే, ఆ బుడగని మెచ్చుకునేవాడెవడు? ఇంజెక్షన్ రావడం మంచిదే. ఆగని బండి కావాలని అందరం కోరుకున్నాం, వచ్చింది. దాని మీద కూచున్నవాడి హద్దు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి మా అపార్టుమెంటు గేటు ముందు డెలివరీ కుర్రాళ్ల బళ్లు వరసగా ఆగుతాయి. పూర్తిచేతుల చొక్కాలు, ముఖానికి గుడ్డ, హెల్మెట్టు అద్దం మీద చెమట మరకలు. ఒక్క బండీ మొరాయించదు. సీటు మీద చేయి పెట్టి చూడండి, ఎలా కూచుంటున్నారో అర్థం కాదు. ఒకతను లిఫ్టు కోసం చూస్తూ గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. జేబులో ఫోను మోగగానే తెరిచాడు. వాళ్ల ఫోన్లో నిమిషాలు లెక్క కడుతున్నదానికి రోహిణి కార్తె ఉందని ఎవరైనా చెప్పారా? 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచిదే. అది పోయాక ఇచ్చేది. పోకుండా, మధ్యలో ఆగడానికి వాళ్ల దగ్గర ఏ సాకూ మిగల్లేదు.

మీ దగ్గర కార్బొరేటర్ బండి ఉంటే ఎండలు ముదరకముందే మూత రంధ్రం గుచ్చి చూసుకోండి, పెట్రోలు పైపు వంచి చూసుకోండి. కొత్త బండైతే రిజర్వులో పడకముందే పోయించుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయట తిరగొద్దని విపత్తు నిర్వహణ వాళ్లు ఏటా చెబుతున్నారు. భోజనం ఆర్డర్లు ఎక్కువగా పెట్టేదీ ఆ వేళలోనే. పెట్టక తప్పకపోతే, వచ్చినతనికి చల్లటి నీళ్లిచ్చి మెట్ల నీడలో ఐదు నిమిషాలు కూచోమనండి. ఆ ఐదు నిమిషాలకీ మీ ఫోన్లో ‘ఆలస్యం’ అని నొక్కకండి.